బుడగతో నీటి తలతన్యత కొలవడం: సబ్బు ఎంత తగ్గిస్తుంది, ఎంతసేపట్లో తగ్గిస్తుంది

సన్నటి సూది మొనను నీళ్ళలో ముంచి, వెనక నుంచి గాలిని మెల్లగా తోసి చూడండి. కాసేపు ఏమీ జరగదు. గాలి ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది, మొన దగ్గర నీరు మాత్రం దారి ఇవ్వదు. ఒక హద్దు దాటగానే టప్పున ఒక బుడగ బయటపడుతుంది. ఆ హద్దు ఎంతో కొలిస్తే నీటి తలతన్యత, అంటే నీటి ఉపరితలపు బిగువు, తెలిసిపోతుంది. అదే నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపి మళ్ళీ కొలిస్తే హద్దు దాదాపు సగానికి పడిపోతుంది.

ఇంటర్, డిగ్రీ ల్యాబుల్లో తలతన్యతకు కేశనాళిక పద్ధతో, చుక్కలు లెక్కపెట్టే పద్ధతో చేయిస్తారు. మంచి పద్ధతులే. కానీ కేశనాళికలో (సన్నటి గాజు గొట్టంలో) మనం చూసేది కదలకుండా నిలబడిన నీటి ఉపరితలం. బుడగలు వచ్చే చోట, అంటే అక్వేరియంలో, రొయ్యల చెరువు ఏరేటర్ దగ్గర, మురుగునీటి శుద్ధి ట్యాంకులో, ఉపరితలం క్షణక్షణం కొత్తగా పుడుతుంది. కొత్తగా పుట్టిన ఉపరితలం మీద సబ్బు ఇంకా ఉండదు, అది లోపలి నుంచి నడిచి రావాలి. అందుకే ఒకే నీళ్ళు, ఒకే సబ్బు అయినా, బుడగలు మెల్లగా తీస్తే ఒక తలతన్యత, గబగబా తీస్తే ఇంకో తలతన్యత కనబడుతుంది. సర్ఫాక్టెంట్ల గురించి, అంటే సబ్బులా తలతన్యతను తగ్గించే పదార్థాల గురించి, చాలా చోట్ల వదిలేసే సంగతి ఇదే. ఈ ప్రయోగంలో దాన్ని కళ్ళారా చూడొచ్చు.

పదో తరగతి దాటిన పిల్లలు పెద్దవాళ్ళ సాయంతో చేసుకోవచ్చు. డిగ్రీ విద్యార్థులకైతే ప్రాజెక్టుకు సరిపోతుంది. ఒక ఆదివారం పెట్టుకోండి, తొందరపడొద్దు.

లోపల జరిగేది, క్లుప్తంగా

నీటి మధ్యలో ఉన్న అణువును చుట్టుపక్కల అణువులు అన్ని వైపులకూ సమానంగా లాగుతాయి. పైన అంచున ఉన్నదాన్ని లోపలికే లాగుతాయి. దాంతో నీరు తన ఉపరితలాన్ని వీలైనంత చిన్నదిగా ఉంచుకోవాలని చూస్తుంది. ఈ బిగువే తలతన్యత. స్వచ్ఛమైన నీటికి 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇది మీటరుకు 72.8 మిల్లీన్యూటన్లు. ద్రవాల్లో ఇది చాలా ఎక్కువ. ఇథైల్ ఆల్కహాల్‌కు 22 మాత్రమే.

సర్ఫాక్టెంట్ అణువుకు ఒక తల, ఒక తోక. తలకు నీళ్ళంటే ఇష్టం, తోకకు పడదు. షాంపూల్లో, టూత్‌పేస్టుల్లో వాడే సోడియం లారిల్ సల్ఫేట్‌కు 12 కార్బన్ల తోక ఉంటుంది. ఆ తోక నీళ్ళలో ఇమడలేక అణువు పైకి చేరి, తల నీళ్ళలో, తోక గాలిలో పెట్టి నిలబడుతుంది. అక్కడ నీటి అణువుల మధ్య బిగువు సడలుతుంది. పైన జాగా నిండిపోయాక మిగతా అణువులు నీళ్ళలోనే తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టుకుని గుంపు కడతాయి. ఆ గుంపు పేరు మిసెల్. గుంపులు మొదలయ్యే గాఢతను సందిగ్ధ మిసెల్ గాఢత అంటారు. అది దాటాక ఎంత సబ్బు కలిపినా తలతన్యత ఇక పెద్దగా తగ్గదు.

ఇక బుడగ. సూది మొన దగ్గర గాలి ముందు చదునుగా ఉంటుంది, తర్వాత ఉబ్బుతుంది. అది సరిగ్గా అర్ధగోళం అయినప్పుడు దాని వ్యాసార్థం సూది రంధ్రం వ్యాసార్థంతో సమానం. అంతకన్నా చిన్న వ్యాసార్థం దానికి ముందూ లేదు, వెనకా లేదు. లోపలి అదనపు పీడనం ఇలా ఉంటుంది:

అదనపు పీడనం = 2 × తలతన్యత ÷ వ్యాసార్థం

వ్యాసార్థం కనిష్ఠమైన క్షణంలో పీడనం గరిష్ఠం. మనం పట్టుకోవాల్సింది ఆ గరిష్ఠాన్నే. గాలిలో ఎగిరే సబ్బు బుడగకు లోపల ఒకటి, బయట ఒకటి రెండు ముఖాలుంటాయి కాబట్టి అక్కడ 2 బదులు 4 వస్తుంది. నీళ్ళలో బుడగకు ఒకటే ముఖం.

కావలసినవి

విడిగా అమ్మే కొత్త మైక్రో డ్రిప్ సెట్లు రెండు (చిన్నపిల్లలకు సెలైన్ ఎక్కించేది, 60 చుక్కలకు 1 మి.లీ. వస్తుంది), ఒక టీ ఆకారపు కనెక్టర్, 22 గేజ్ సూదులు నాలుగైదు, 100 మి.లీ. గట్టి సీసా ఒకటి, దానికి బిగుతుగా పట్టే రబ్బరు బిరడా. తాపీమేస్త్రీలు వాడే లెవెల్ పైపు ఒక మీటరు, ప్లైవుడ్ ముక్క, గ్రాఫ్ పేపర్, ఫుడ్ కలర్. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్లు. గాజు గ్లాసులు, సూది లేని 1 మి.లీ., 10 మి.లీ. సిరంజిలు, థర్మామీటర్, ఎం-సీల్. తర్వాతి భాగాలకు అక్వేరియం ఎయిర్ పంపు, ఎయిర్ స్టోన్, స్లో మోషన్ తీయగల ఫోన్.

సర్ఫాక్టెంట్లుగా గిన్నెలు తోమే లిక్విడ్ ఒకటి, కుంకుడుకాయలు పది. కాలేజీ ల్యాబ్ అందుబాటులో ఉంటే శుద్ధమైన సోడియం లారిల్ సల్ఫేట్ పొడి. ఆ పొడి తూచేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, ముక్కులోకి పోతే బాగా మండుతుంది.

వాడేసిన డ్రిప్ సెట్టు, వాడేసిన సూది ఎంత శుభ్రంగా కనబడినా ముట్టుకోవద్దు.

మెట్టు 1: సూది మొన చదును చేయడం

ఇంజెక్షన్ సూది మొన ఏటవాలుగా కోసి ఉంటుంది. అలాగే వాడితే బుడగ ఒక పక్క నుంచి జారిపోతుంది, రీడింగ్ నిలవదు. పెద్దవాళ్ళు ఎవరైనా సూదిని ప్లైయర్‌తో పట్టుకుని, సన్నటి ఎమరీ కాగితం మీద నిటారుగా గుండ్రంగా రుద్దుతూ ఏటవాలు భాగం పూర్తిగా అరగదీయాలి. భూతద్దంలో చూస్తే మొన గుండ్రటి రింగులా కనబడాలి. లోపల ఇనుప రజను ఉంటే సిరంజితో నీళ్ళు గట్టిగా కొట్టి బయటికి తోసేయండి. జిగురు పోయడానికి అమ్మే మొద్దుమొన సూదులు దొరికితే ఈ శ్రమంతా తప్పుతుంది.

22 గేజ్ ఎందుకంటే, దాని లోపలి వ్యాసం సుమారు 0.41 మి.మీ. ఆ రంధ్రంతో మంచినీటికి గరిష్ఠ పీడనం దాదాపు 700 పాస్కల్స్, అంటే 7 సెం.మీ. ఎత్తు నీళ్ళ బరువు. స్కేలు మీద హాయిగా చదవొచ్చు. లావు సూది అయితే ఎత్తు తగ్గిపోయి తేడాలు కనబడవు, మరీ సన్నదైతే మాటిమాటికీ పూడుకుపోతుంది.

మెట్టు 2: మానోమీటర్ (గాలి పీడనం కొలిచే గొట్టం)

ప్లైవుడ్ మీద గ్రాఫ్ పేపర్ అతికించి, లెవెల్ పైపును ఆంగ్ల అక్షరం యూ ఆకారంలో వంచి బిగించండి. రంగు కలిపిన డిస్టిల్డ్ వాటర్ సగం దాకా పోయండి. రంగు నీళ్ళలో చిన్న గాలి బుడగ కూడా ఉండకూడదు. ఉంటే వేలితో తడుతూ పైకి పంపండి. రెండు కాళ్ళలో నీళ్ళు ఒకే మట్టంలో నిలబడాలి. ఇళ్ళు కట్టేటప్పుడు మేస్త్రి చూసేది కూడా ఇదే కదా.

మానోమీటర్‌లో పాదరసమో నూనో కాకుండా నీళ్ళే వాడటంలో ఒక సుఖం ఉంది. సూది ఎంత లోతు మునిగిందో ఆ లోతు నీటి బరువు కూడా రీడింగ్‌లో కలుస్తుంది. రెండు చోట్లా నీళ్ళే కాబట్టి, మొత్తం రీడింగ్ నుంచి లోతును నేరుగా సెంటీమీటర్లలో తీసేస్తే సరి.

మెట్టు 3: మెల్లగా గాలి పంపే ఏర్పాటు

ఎయిర్ పంపుతో మెల్లగా బుడగలు తీయడం కుదరదు, అది అదురుతుంది. అందుకని నీళ్ళతో గాలిని తోద్దాం. బిరడాకు రెండు రంధ్రాలు చేయండి. ఒకదాంట్లోంచి డ్రిప్ సెట్టు పైపు సీసాలోకి వస్తుంది. దాని పై కొస నీళ్ళు నింపి ఎత్తులో వేలాడదీసిన సీసాకు. రెండో రంధ్రంలోంచి ఇంకో పైపు బయటికి వచ్చి, టీ కనెక్టర్ దగ్గర చీలి, ఒకటి మానోమీటర్‌కు, ఇంకొకటి సూదికి పోతుంది. కింది సీసాలో పడే ప్రతి చుక్కా అంతే గాలిని బయటికి తోస్తుంది. రోలర్ తిప్పితే వేగం మన చేతిలో ఉంటుంది. పై సీసాలోకి గాలి వెళ్ళే దారి తెరిచి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే చుక్క ఆగిపోతుంది.

కింది సీసాలో గాలి జాగా ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. ముందే ముప్పావు వంతు నీళ్ళు నింపేయండి. గాలి ఎక్కువుంటే అది స్ప్రింగులా నొక్కుకుని, ఒక్కసారిగా నాలుగైదు బుడగలు తోసేస్తుంది. ఏ బుడగ వయసెంతో చెప్పలేం.

మెట్టు 4: లీక్ పరీక్ష

సూది స్థానంలో పైపును మూసేసి, మానోమీటర్‌లో 15 సెం.మీ. తేడా వచ్చేదాకా చుక్కలు వదిలి, రోలర్ కట్టేయండి. ఐదు నిమిషాల్లో మట్టం ఒక మిల్లీమీటరు కూడా దిగకూడదు. దిగితే జాయింట్లకు ఎం-సీల్ పెట్టి, ఆరాక మళ్ళీ చూడండి. గది వేడి మారినా మట్టం కదులుతుంది కాబట్టి ఎండ పడే కిటికీ దగ్గర పెట్టొద్దు. ఈ మెట్టు దాటేసి ముందుకు వెళ్తే తర్వాతి రీడింగులన్నీ వృథా.

మెట్టు 5: ముందు ఉత్త నీళ్ళు

గ్లాసు ఎలా కడిగారన్న దాని మీదే ఫలితం ఆధారపడి ఉంటుంది. వేలి జిడ్డు, గిన్నెల సబ్బు పలచటి పొర ఏ కాస్త మిగిలినా నీటి తలతన్యత తగ్గిపోతుంది. వేడి నీళ్ళతో బాగా కడిగి, చివర డిస్టిల్డ్ వాటర్‌తో కనీసం ఐదారుసార్లు తొలచండి. లోపలి వైపు వేలు తగలనివ్వొద్దు, గుడ్డతో తుడవొద్దు.

ఈ జాగ్రత్త గురించి చెప్పేటప్పుడు ఆగ్నెస్ పోకెల్స్ గుర్తుకు రాకుండా ఉండదు. 1862లో పుట్టిన ఈ జర్మన్ మహిళకు యూనివర్సిటీ చదువు లేదు. ఇంట్లో గిన్నెలు కడిగే నీళ్ళలో జిడ్డు చేరితే నీటి ఉపరితలం ఎలా మారుతోందో గమనించి, సొంతంగా ఒక తొట్టి తయారు చేసుకుని ఏళ్ళ తరబడి కొలతలు తీసింది. 1891లో ఆ ఫలితాలను లార్డ్ రేలీకి ఉత్తరంగా రాస్తే, ఆయన వాటిని నేచర్ పత్రికలో అచ్చు వేయించారు. ఉపరితల రసాయన శాస్త్రానికి పునాదుల్లో ఒకటి అలా వంటింటి నుంచి వచ్చింది.

గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పోసి, సూదిని స్టాండుకు నిటారుగా బిగించి, మొన నీటి పైభాగాన్ని సరిగ్గా తాకేలా సర్దండి. తర్వాత సూదిని కదపకుండా గ్లాసు కింద ఒక టైల్ ముక్క జరపండి. టైల్ మందం 1.0 సెం.మీ. అయితే సూది లోతు 1.0 సెం.మీ. అంతే. స్కేలు నీళ్ళలో ముంచి లోతు చూడటం కంటే ఇది చాలా నికరం.

నిమిషానికి ఏడెనిమిది చుక్కలు పడేలా రోలర్ తిప్పండి. సుమారు ఐదు సెకన్లకొక బుడగ వస్తుంది. మానోమీటర్ మట్టం పైకి పాకి, బుడగ విడిపోగానే కొంచెం కిందికి ఊగుతుంది. పైకి పాకిన చివరి స్థానంలో రెండు కాళ్ళ మట్టాల మధ్య తేడాను రాసుకోండి. కళ్ళతో కష్టమైతే ఫోన్‌లో వీడియో తీసి ఆపి చూసుకోండి. పది బుడగలకు సగటు తీయండి.

ఉదాహరణకు మొత్తం 8.1 సెం.మీ. వచ్చిందనుకుందాం. లోతు 1.0 తీసేస్తే 7.1. గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలైతే నీటి తలతన్యత 71.2 అని మనకు ముందే తెలుసు. ఇక సూది రంధ్రం ఎంతో కచ్చితంగా తెలియాల్సిన పనే లేదు. తర్వాత ఏ ద్రవానికైనా

తలతన్యత = 71.2 × (ఆ ద్రవం ఎత్తు ÷ 7.1)

మీ గదిలో 25 డిగ్రీలుంటే 71.2 బదులు 72.0, వేసవిలో 35 ఉంటే 70.4 వేసుకోండి.

సూదికి లెక్క ప్రకారం రావాల్సిన 7 సెం.మీ.కి బదులు 6 కన్నా తక్కువ వచ్చిందంటే నీళ్ళు గానీ గ్లాసు గానీ శుభ్రంగా లేవు, లేదా మొన సరిగా అరగలేదు. పది బుడగల రీడింగులు ఒకదానికొకటి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటేనే ముందుకు వెళ్ళండి.

మెట్టు 6: సర్ఫాక్టెంట్ కొద్దికొద్దిగా పెంచడం

లిక్విడ్‌తో చేసేవాళ్ళు 1 మి.లీ. తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో 100 మి.లీ. చేయండి. ఇది మూల ద్రావణం. దీంట్లోంచి 0.1, 0.2, 0.5, 1, 2, 5, 10 మి.లీ. తీసి, ఒక్కోదాన్నీ 100 మి.లీ. చేసి ఏడు గ్లాసులు సిద్ధం చేసుకోండి. కలిపేటప్పుడు గిలకొట్టొద్దు. నురగ వస్తే సర్ఫాక్టెంట్ అందులోకి ఎక్కిపోయి నీళ్ళలో తగ్గిపోతుంది.

సోడియం లారిల్ సల్ఫేట్ అయితే 2.88 గ్రాములు తూచి 100 మి.లీ.లో కరిగించండి. అది లీటరుకు 100 మిల్లీమోల్స్ అవుతుంది. దీంట్లోంచి 1, 2, 4, 6, 8, 10, 16 మి.లీ. తీసి 100 మి.లీ. చేస్తే అవే అంకెలు మిల్లీమోల్స్‌గా వస్తాయి.

పలచని దాంతో మొదలుపెట్టి చిక్కటిదాని వైపు వెళ్ళండి. వెనక్కి రావొద్దు. ఒక్కో గ్లాసులో సూది పెట్టాక రెండు మూడు నిమిషాలు బుడగలు రానిచ్చి, ఆ తర్వాతే రీడింగ్ తీసుకోండి. లోతు మాత్రం ప్రతిసారీ టైల్‌తోనే.

గ్రాఫులో అడ్డంగా గాఢతను లాగరిథమ్ స్కేలులో, నిలువుగా తలతన్యతను పెట్టండి. గీత మొదట దాదాపు చదునుగా, తర్వాత ఏటవాలుగా దిగి, ఒక చోట మలుపు తిరిగి మళ్ళీ చదునవుతుంది. ఆ మలుపే సందిగ్ధ మిసెల్ గాఢత. సోడియం లారిల్ సల్ఫేట్‌కు 25 డిగ్రీల దగ్గర అది లీటరుకు 8 మిల్లీమోల్స్‌కు కాస్త పైన, అక్కడ తలతన్యత 40కి కొంచెం కింద ఉంటుంది. మలుపు దగ్గర గీత కాస్త గుంటలా దిగి మళ్ళీ పైకి లేస్తే కంగారుపడొద్దు. పొడిలో డోడెకనాల్ అనే ఆల్కహాల్ కొద్దిగా కలిసి ఉందని దానర్థం. అది ఉపరితలానికి ఇంకా బాగా అంటుకుంటుంది. మిసెల్లు పుట్టాక వాటి లోపలికి వెళ్ళిపోతుంది, దాంతో తలతన్యత మళ్ళీ లేస్తుంది. ఆ గుంట కనబడిందంటే మీ కొలత బాగా వచ్చినట్టే.

ఇంకో చిన్న పరీక్ష తప్పక చేయండి. 2 మిల్లీమోల్స్ గ్లాసులో 100 మి.లీ.కి 0.6 గ్రాముల ఉప్పు కలిపి మళ్ళీ కొలవండి. తలతన్యత బాగా పడిపోతుంది. ఈ సర్ఫాక్టెంట్ తలలకు రుణావేశం ఉంటుంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పులోని సోడియం అయాన్లు మధ్యలో చేరి ఆ నెట్టుడు తగ్గిస్తే అణువులు దగ్గర దగ్గరగా సర్దుకుంటాయి. ఆ మోతాదు ఉప్పుతో సందిగ్ధ మిసెల్ గాఢత 8 నుంచి 1.5 చుట్టుపక్కలకు దిగుతుంది. బోరు నీళ్ళతో చేసేవాళ్ళకు ఫలితాలు పుస్తకంలో అంకెలతో కలవకపోవడానికి ఇదో కారణం. మామూలు బట్టల సబ్బుతో అయితే ఇంకో తంటా. బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును తెల్లటి తెట్టుగా విరిచేస్తాయి, సర్ఫాక్టెంటే మిగలదు.

మెట్టు 7: వేగం పెంచి చూడటం

ఈ మెట్టు కోసమే ఇంత సరంజామా. లిక్విడ్ గ్లాసుల్లో పలచని వాటిలోంచి ఒకటి ఎంచుకోండి, గ్రాఫు ఏటవాలుగా దిగే భాగంలోది. మొదట మెల్లగా, ఐదు సెకన్లకొక బుడగ. రీడింగ్ రాసుకోండి. తర్వాత రోలర్ వదిలి సెకనుకొక బుడగ. ఆ తర్వాత సెకనుకు నాలుగైదు. ప్రతి వేగానికీ గరిష్ఠ రీడింగ్ రాసుకుంటూ పోండి. వేగం పెరిగేకొద్దీ మానోమీటర్ పైకి లేస్తుంది. నీళ్ళు మళ్ళీ సబ్బు లేని నీళ్ళలా ప్రవర్తించడం మొదలుపెడతాయి.

ఒక జాగ్రత్త. వేగంగా గాలి పోతే సూది లోపలి రాపిడి వల్ల కూడా కొంత పీడనం పెరుగుతుంది. సెకనుకు ఐదు బుడగలకు ఇది సుమారు 0.3 సెం.మీ. దాకా ఉండొచ్చు. అందుకే ఇవే వేగాలతో ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో కూడా రీడింగులు తీసి, ఆ పెరుగుదలను సబ్బు నీళ్ళ రీడింగుల్లోంచి తీసేయండి. మిగిలిన పెరుగుదల మాత్రమే సర్ఫాక్టెంట్‌ది.

ఎందుకిలా? కొత్త ఉపరితలం నిండటానికి కావలసిన అణువులు దాని కింద పలచటి నీటి పొరలోంచి విసరణ ద్వారా, అంటే వాటంతట అవే నీళ్ళలో పాకుతూ, రావాలి. ద్రావణం పలచగా ఉంటే ఎక్కువ దూరం నుంచి రావాలి. దూరం పది రెట్లయితే విసరణకు సమయం వంద రెట్లవుతుంది. మామూలు సర్ఫాక్టెంట్ అణువుకు ఉజ్జాయింపు లెక్క వేస్తే, లీటరుకు 1 మిల్లీమోల్ ఉన్నప్పుడు ఉపరితలం నిండటానికి సెకనులో నూరో వంతు చాలు. అదే 0.01 మిల్లీమోల్ అయితే నిమిషం దాటుతుంది. ఈ విసరణ లెక్కను వార్డ్, టోర్డై అనే ఇద్దరు 1946లో సమీకరణంగా ఇచ్చారు, ఇప్పటికీ అదే వాడతారు.

కాబట్టి చిక్కటి సోడియం లారిల్ సల్ఫేట్‌తో వేగం మార్చినా మీకు తేడా కనబడకపోవచ్చు. అది మనకన్నా చాలా వేగం. పలచని లిక్విడ్‌తో, కుంకుడు రసంతో స్పష్టంగా కనబడుతుంది. కుంకుడులోని సపోనిన్లు పెద్ద అణువులు, బద్ధకంగా కదులుతాయి. నాలుగు కుంకుడుకాయల గింజలు తీసేసి, తొక్కను గోరువెచ్చని నీళ్ళలో గంట నానబెట్టి, పిసికి, వడపోత కాగితంలో రెండుసార్లు వడకట్టి వాడండి. నలక మిగిలితే సూది పూడిపోతుంది. ఆ రసం కళ్ళలో పడితే ఎలా ఉంటుందో తలంటు పోయించుకున్న వాళ్ళందరికీ తెలుసు, కళ్ళద్దాలు పెట్టుకోండి.

మెట్టు 8: ఎయిర్ స్టోన్, సబ్బు, ఉప్పు

ఇప్పుడు సూది పక్కన పెట్టి, ఐదు లీటర్ల గాజు తొట్టిలో ఎయిర్ స్టోన్ వేసి, వెనక గ్రాఫ్ పేపర్ అతికించి వీడియో తీయండి. మొదట ఉత్త నీళ్ళు: స్టోన్ దగ్గర చిన్న బుడగలే పుడతాయి గానీ పైకి వస్తూ ఒకదాంట్లో ఒకటి కలిసి పెద్దవవుతాయి. తర్వాత కొన్ని చుక్కల లిక్విడ్. నీళ్ళు పాలలా తెల్లబడతాయి, బుడగలు సన్నని ముత్యాల్లా విడివిడిగా లేస్తాయి.

తలతన్యత తగ్గింది కాబట్టి బుడగ చిన్నదైంది అని ఇక్కడ చాలామంది ఆగిపోతారు. లెక్క వేసి చూడండి. ఒక రంధ్రం నుంచి మెల్లగా వచ్చే బుడగ వ్యాసం తలతన్యత ఘనమూలంతో మారుతుంది. 1 మి.మీ. రంధ్రం నుంచి మంచినీళ్ళలో 3.5 మి.మీ. బుడగ వస్తే, తలతన్యత సగమైనప్పుడు 2.8 మి.మీ. బుడగ వస్తుంది. అంటే ఐదో వంతు తగ్గింది, అంతే. మీ వీడియోలో కనబడే తేడా అంతకన్నా చాలా ఎక్కువ.

అసలు కారణం తేల్చడానికి నీళ్ళు మార్చి, తొట్టి బాగా తొలిచి, ఈసారి సబ్బు లేకుండా లీటరుకు 15 గ్రాముల చొప్పున ఉప్పు కలపండి. ఉప్పు నీటి తలతన్యతను తగ్గించదు, కొద్దిగా పెంచుతుంది. అయినా బుడగలు సన్నబడతాయి! బుడగలు కలవకుండా ఆపేది ఇంకేదో ఉందని దీంతో తేలిపోతుంది. ఉప్పు ఇలా ఎందుకు ఆపుతుందనేది శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్న విషయం. సర్ఫాక్టెంట్ సంగతి మాత్రం బాగా తెలుసు. రెండు బుడగల మధ్య నీటి పొర పలచబడి ఒక చోట సాగితే అక్కడ సర్ఫాక్టెంట్ పలచన అవుతుంది, తలతన్యత పెరుగుతుంది. పక్కనున్న తక్కువ తలతన్యత భాగం నుంచి నీరు అటు లాగబడి ఆ బలహీనమైన చోటును మళ్ళీ పూడుస్తుంది. ఇటలీ శాస్త్రవేత్త కార్లో మారంగోని పేరుతో దీన్ని మారంగోని ప్రభావం అంటారు. బుడగలను కాపాడేది తలతన్యత తక్కువగా ఉండటం కాదు, చోటును బట్టి అది మారడం.

మెట్టు 9: లేచే వేగం

పొడవాటి గాజు జాడీలో సూది నుంచి ఒక్కో బుడగను వదిలి, స్లో మోషన్‌లో పది సెంటీమీటర్ల దూరానికి పట్టే సమయం చూడండి. అదే పరిమాణం ఉన్న బుడగ సర్ఫాక్టెంట్ కలిపిన నీళ్ళలో నెమ్మదిస్తుంది. ఒక మిల్లీమీటరు బుడగలకైతే వేగం సగం దాకా పడిపోవచ్చు. బుడగ లేస్తుంటే సర్ఫాక్టెంట్ దాని అడుగు భాగానికి కొట్టుకుపోతుంది. పైన తలతన్యత ఎక్కువ, కింద తక్కువ. ఆ తేడా ఉపరితలాన్ని జారనివ్వకుండా పట్టేస్తుంది, బుడగ గట్టి గోళీలా ప్రవర్తిస్తుంది. కుళాయి నీళ్ళతో చేస్తే తేడా సరిగా కనబడదు, ఎందుకంటే వాటిలో ముందే ఎంతో కొంత మలినం ఉంటుంది.

మురుగునీటి శుద్ధిలో ఇంజనీర్లను ఇబ్బంది పెట్టేది ఇదే. డిటర్జెంట్ వల్ల బుడగలు చిన్నవై మొత్తం ఉపరితలం పెరుగుతుంది కాబట్టి ఆక్సిజన్ ఎక్కువ కరగాలి అనిపిస్తుంది. కానీ జారని ఉపరితలం దగ్గర నీరు కదలదు, ఆక్సిజన్ లోపలికి దిగడం మందగిస్తుంది. సన్నటి బుడగల ఏరేషన్‌లో చాలాసార్లు ఈ నష్టమే గెలుస్తుంది. అందుకే మంచినీళ్ళలో ఆక్సిజన్ కరిగే వేగానికి వచ్చిన అంకెను ఆల్ఫా అనే, సాధారణంగా ఒకటి కన్నా తక్కువ ఉండే గుణకంతో గుణించాకే ట్యాంకు డిజైన్ చేస్తారు.

మెట్టు 10: నురగ

500 మి.లీ. కొలజాడీలో 100 మి.లీ. ద్రావణం పోసి, ఎయిర్ స్టోన్‌తో రెండు నిమిషాలు ఒకే వేగంతో గాలి పంపి, ఆపి, నురగ ఎత్తు సగానికి పడేదాకా టైమ్ చూడండి. లిక్విడ్, కుంకుడు రసం, ఉప్పునీళ్ళు మూడింటికీ చేయండి. ఉప్పునీళ్ళలో బుడగలు సన్నగానే ఉన్నా నురగ నిలవదు. కుంకుడు రసం తలతన్యతను లిక్విడ్ అంతగా తగ్గించకపోయినా, నురగ చాలాసేపు ఉంటుంది. సపోనిన్లు బుడగ గోడ మీద ఒకదానికొకటి అల్లుకుని గట్టి పొర కడతాయి. మూడు అంకెలు, అంటే మెట్టు 6లో వచ్చిన తలతన్యత, మెట్టు 8లో బుడగ సైజు, ఇక్కడి నురగ ఆయుష్షు పక్కపక్కన రాసి చూడండి. మూడూ ఒకే వరసలో ఉండవు. బెంగళూరు బెళ్ళందూరు చెరువు నురగ రోడ్ల మీదికి కొట్టుకొచ్చినప్పుడు కూడా కారణం డిటర్జెంట్ ఒక్కటే కాదు. మురుగులోని సేంద్రియ పదార్థం, కాలువ దూకే చోట నీళ్ళు గిలకొట్టుకోవడం అన్నీ కలిశాయి.

చివరగా నురగ నిండుగా ఉన్నప్పుడు ఒక చుక్క వంటనూనె వేయండి. నురగ చాలా చోట్ల కుంగిపోతుంది. అన్నం పొంగిపోకుండా ఎసట్లో నూనె చుక్క వేసేది ఈ కిటుకుతోనే. నూనె బిందువు బుడగల మధ్య పొరకు అడ్డంగా వంతెనలా నిలబడి, దాన్ని పూడుకోనివ్వకుండా తెంపేస్తుంది. గిన్నెల లిక్విడ్ నురగ మీద ఇది ఒక్కోసారి పనిచేయదు, ఆ లిక్విడ్ తయారైందే నూనెను కరిగించడానికి కదా. అప్పుడు గాఢత తగ్గించి చూడండి.

నూనె తగిలిన జాడీని, స్టోన్‌ను విడిగా గుర్తు పెట్టి ఉంచండి. ఎంత కడిగినా సరే, వాటిని మళ్ళీ తలతన్యత కొలతకు వాడొద్దు. సూదులను మాత్రం సిరంజితో డిస్టిల్డ్ వాటర్ ఇరవైసార్లు తోసి, ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టుకుంటే ఇంకో నాలుగు ప్రయోగాలకు వస్తాయి. మళ్ళీ మొదలుపెట్టే రోజు మెట్టు 5 నుంచే మొదలుపెట్టండి: ముందు ఉత్త నీళ్ళు, 7 సెం.మీ. వచ్చిందో లేదో చూసుకున్నాకే తర్వాతిది.